డాక్టర్లకు మందుల కంపెనీ తలుపులు బార్లా.. మరి సర్కారు తలుపు?

2025 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్ల మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా దిక్కు ఇరవై మందికి పైగా పసిపిల్లలు దగ్గు మందు తాగి పాణాలు ఇడిసిన్రు. కోల్డ్‌రిఫ్ అనే ఆ సిరప్‌ను తమిళనాడులోని కాంచీపురం జిల్లా కంపెనీ ఒకటి తయారు చేసింది. తమిళనాడు సర్కారు ల్యాబుల టెస్టు చేస్తే అందుల డైఈథిలిన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం తేలింది. ఫ్యాక్టరీల పనులకు వాడే సామాను అది, మనిషి కడుపుల పోతే కిడ్నీలు ఖతం. కంపెనీ ఓనర్‌ను అరెస్టు చేసిన్రు. మందు రాసిన డాక్టర్‌ను గూడ అరెస్టు చేసిన్రు. టీవీలల్ల కొన్ని రోజులు లొల్లి నడిచింది, అటెన్క సప్పుడు బంద్.

తయారు చేసినోడు ఎవడు, రాసినోడు ఎవడు అని అందరు అడిగిన్రు. నడుమ ఉన్నోళ్ల గురించి అడిగినోళ్లు తక్కువ. కంపెనీ గేటు దాటి మన ఊరి మెడికల్ షాపుకు వచ్చేదాక ఒక మందు మీద మస్తు మంది చేతులు పడ్తయి. మనుషుల మీద టెస్టు చేసేటోళ్లు, ఫైలు చూసి పర్మిషన్ ఇచ్చేటోళ్లు, ఫ్యాక్టరీ తనిఖీ చేసేటోళ్లు, మార్కెట్ల పడ్డంక ఎవరికన్న తేడా కొడితే పసిగట్టేటోళ్లు. ఇండ్ల డాక్టర్లు ఎంతమంది? ఉన్నోళ్లు ఎవరి జీతం తింటున్నరు? మన పాణాలకు సంబంధించిన ప్రశ్నలు ఇవి. మన పిల్లల కొలువులకు గూడ సంబంధం ఉన్నది.

ఎంబీబీఎస్ అయినంక ఏంది?

ఇప్పుడు తెలంగాణల జిల్లాకో సర్కారు మెడికల్ కాలేజీ ఉన్నది. ఒకప్పుడు మండలానికి ఒక్కరు కనపడితే గొప్ప. ఇయ్యాల రైతుల, కూలోళ్ల, ఆటో నడిపేటోళ్ల ఇండ్ల నుంచి పిల్లలు తెల్లకోటు ఏసుకుంటున్నరు. సంతోషమే. కానీ ఎంబీబీఎస్ చేతికి వచ్చినంక అసలు కుస్తీ మొదలైతది. పీజీ సీటు కోసం మళ్లా రెండు మూడేండ్లు పుస్తకాల ముంగట కూసోవాలె. అందరికి జనరల్ మెడిసిన్, రేడియాలజీ, స్కిన్ కావాలె. ఫార్మకాలజీ అంటే ముక్కు ఇరుస్తరు. పేషెంటు లేని డాక్టరు చదువు ఎందుకని.

గట్ల మిగిలిపోయే సీట్లు ఎన్ని ఉంటయో తెల్వాలంటే ఒక్క ముచ్చట సాలు. 2023ల నీట్ పీజీ కటాఫ్‌ను సున్నా పర్సెంటైల్‌కు దించిన్రు, సీట్లు ఖాళీగ పోవద్దని. ఆ మిగిలే వాటిల ఫార్మకాలజీ ఒకటి. చిత్రమేందంటే, మందుల లోకానికి డాక్టర్లు పోయే పెద్ద దర్వాజ గదే. మందు ఒంట్ల ఎట్ల పని చేస్తది, ఎంత డోసు దాటితే విషం అయితది, ఒక మందుకు ఇంకో మందు పడుతదా లేదా అని చదివేది ఆ డిపార్ట్‌మెంట్లనే. దాని మీద క్లినికల్ ఫార్మకాలజీల డీఎం గూడ చేయొచ్చు. హైదరాబాద్ నిమ్స్‌ల క్లినికల్ ఫార్మకాలజీకి సొంత డిపార్ట్‌మెంటే ఉన్నది. బ్రిటన్‌ల అయితే మందుల తయారీ, పరీక్షల డాక్టర్ల కోసం 1989లనే సపరేట్ ఫ్యాకల్టీ పెట్టిన్రు, గుండె డాక్టరు, ఎముకల డాక్టరు లెక్క దాన్ని గూడ ఒక స్పెషాలిటీగ చూస్తరు. మన దగ్గర ఆ మాట ఎంబీబీఎస్ పిల్లల చెవుల పడనే పడదు.

కంపెనీల డాక్టరు ఏం పని చేస్తడు?

మందుల కంపెనీల డాక్టరు అంటే బ్యాగు పట్టుకొని క్లినిక్‌ల సుట్టు తిరిగే రిప్రజెంటేటివ్ అనుకుంటరు చానామంది. అది వేరే కొలువు. డాక్టరు కొలువులు ముఖ్యంగ నాలుగు తీర్లు.

ఒకటి, క్లినికల్ రీసెర్చ్. కొత్త మందును మనుషుల మీద పరీక్షించేటప్పుడు ఎవరిని తీసుకోవాలె, ఎవరిని వద్దనాలె, ఎవరికన్న పాణం మీదికి వస్తే ఎప్పుడు ఆపాలె అని చూసుకునేది ఈ డాక్టరే.

రెండోది, మందు భద్రత. దీన్ని ఫార్మకోవిజిలెన్స్ అంటరు. దేశదేశాల నుంచి 'ఈ గోలి ఏసుకుంటే దద్దుర్లు వచ్చినయి, లివర్ చెడింది' అని వచ్చే రిపోర్టులు చదివి, అది మందు వల్లనా, రోగం వల్లనా అని తేల్చే పని.

మూడోది, మెడికల్ అఫైర్స్. మందు గురించి బయటి డాక్టర్లకు సైన్సు చెప్పుడు, వాళ్ల అనుమానాలు తీర్సుడు. ఇక్కడ సైన్సుకు, అమ్మకానికి నడుమ గీత చాన సన్నగ ఉంటది. డాక్టర్లకు గిఫ్టులు, ఫారిన్ టూర్లు ఇయ్యొద్దని 2024 మార్చిల కేంద్రం మార్కెటింగ్ కోడ్ తెచ్చింది గీ గీత చెరిగిపోతున్నదనే.

నాలుగోది, రాతపని. సర్కారుకు పెట్టే ఫైళ్లు, ట్రయల్ రిపోర్టులు తయారు చేసుడు.

ఈ కొలువులకు హైదరాబాద్ పెద్ద అడ్డా అయింది. నోవార్టిస్‌కు ఇక్కడ ఏండ్ల సంది పెద్ద సెంటర్ ఉన్నది. ఈ మధ్య సనోఫీ, బ్రిస్టల్ మైయర్స్ స్క్విబ్, ఆమ్జెన్, ఎలై లిల్లీ వరుస పెట్టి ఆఫీసులు తెరిచినయి. అమెరికాల పేషెంటు రిపోర్టును మన హైటెక్ సిటీల కూసోని చదువుతున్నరు. నైట్ డ్యూటీ లేదు, దవాఖానల బంధువుల కొట్లాట లేదు, ఆదివారం సెలవు, జీతం టైముకు పడ్తది. ఊరి నుంచి వచ్చి, అప్పు తెచ్చి చదివిన పిల్లగాడు ఆ తొవ్వ పడితే తప్పు పట్టేదేం లేదు. పని నిజాయితీగ చేస్తే అది గూడ జనానికి పనికొచ్చేదే. మందుల ఉన్న కీడును ముందుగాల పసిగట్టేది చానసార్లు కంపెనీల ఉన్న భద్రత డాక్టరే.

ఇబ్బంది ఎక్కడంటే, ఇదే పనిని జనం తరఫున చేసే కుర్చీలు సర్కారుల దాదాపు లేవు.

సర్కారు దిక్కు చూస్తే

ఫ్యాక్టరీకి లైసెన్సు ఇచ్చేది, షాపులు తనిఖీ చేసేది ఎక్కువగ రాష్ట్రాల డ్రగ్స్ కంట్రోల్ శాఖలు. కొత్త మందుకు, క్లినికల్ ట్రయల్‌కు పర్మిషన్ ఇచ్చేది ఢిల్లీల ఉన్న సీడీఎస్‌సీవో. దాని పెద్దను డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ అంటరు.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కొలువు సంగతి మన పోరగాళ్లకు తెలుసు. 2022 డిసెంబర్‌ల టీఎస్‌పీఎస్సీ 18 పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే ఫార్మసీ చదివిన పిల్లలు ఎంత ఆశతోని రాసిన్రో యాదుంటది. దేశం మొత్తానికి వర్తించే రూలు ఏమంటదంటే, ఇన్‌స్పెక్టర్ కావాలంటే ఫార్మసీ డిగ్రీ ఉండాలె, లేకుంటే క్లినికల్ ఫార్మకాలజీల గానీ మైక్రోబయాలజీల గానీ స్పెషలైజేషన్ ఉన్న మెడిసిన్ డిగ్రీ ఉండాలె. అంటే బీఫార్మసీ పిల్లగాడు, పీజీ చేసిన డాక్టరు ఒకే కొలువుకు, ఒకే జీతానికి లైన్ల నిలబడాలె. ఏ డాక్టర్ నిలబడ్తడు? కాయిదం మీద తలుపు తెరిచే ఉన్నది, లోపటికి పోయేటోడు లేడు. ఇగ రాష్ట్రంల డ్రగ్స్ కంట్రోల్ శాఖ పెద్ద కుర్చీల ఈ మధ్య ఐపీఎస్ ఆఫీసర్లు కూసున్నరు. నకిలీ మందులు పట్టుకునుడుకు పోలీసు తెలివి పనికొస్తది. మందు మంచిదా చెడ్డదా తేల్చుడు వేరే విద్య.

ఢిల్లీ సంగతి 2012 మే నెలల పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం బయటపెట్టింది. వాళ్ల 59వ రిపోర్టు చదివితే కడుపుల దేవినట్టు అయితది. సీడీఎస్‌సీవోల మంజూరైన పోస్టులు 327, పనిచేస్తున్నోళ్లు 124 మంది. హెడ్డాఫీసుల ఆఫీసర్లు తొమ్మిది మంది, వాళ్ల ముంగట ఏడాదికి 20 వేల దరఖాస్తులు. 2008 జనవరి నుంచి 2010 అక్టోబర్ నడుమ 33 కొత్త మందులకు మన దేశపు పేషెంట్ల మీద ట్రయల్ లేకుండనే పర్మిషన్ ఇచ్చిన్రు. పేషెంట్లకు మందు మంచిదా కాదా తేల్చే పెద్ద కుర్చీకి బీఫార్మసీ డిగ్రీని, మెడిసిన్ పీజీని ఒకే గాటన ఎట్ల కట్టిన్రని ఆ సంఘం గట్టిగనే అడిగింది.

ఇక్కడ ఒక మాట సాఫ్‌గ చెప్పుకోవాలె. ఫార్మసీ చదివినోళ్లు తక్కువ అని ఎవరు అనొద్దు. సీసాల విషం ఉన్నదా లేదా పట్టుకునే పని వాళ్లదే, ల్యాబులల్ల ఉన్న కెమిస్టులదే. కాంచీపురం ఫ్యాక్టరీ గేటు కాడ కావాల్సింది వాళ్లే, అక్కడ తనిఖీ సక్కగ లేకనే అంత ఘోరం జరిగింది. కానీ ఒక కొత్త మందు వంద మందికి మేలు చేసి ఇద్దరికి కీడు చేస్తే అది బజార్లకు రావాల్నా వద్దా అనేది కెమిస్ట్రీ ప్రశ్న కాదు. ఛింద్వారా పిల్లల కిడ్నీలు వరుసగ ఫెయిలైతుంటే వాళ్లు అంతకు ముందు తాగింది ఏందని ఎనుకకు పోయి చూసుడు గూడ సీసా టెస్టుతోని అయ్యే పని కాదు. ఆ రెండు కాడ పేషెంటును చూసిన కండ్లు కావాలె.

ఒక్క డాక్టరమ్మ మొండికేస్తే

గట్ల చూసిన కండ్లు ఏం చేయగలుగుతయో అమెరికాల తేలింది. 1937ల అక్కడ ఎలిక్సిర్ సల్ఫానిలమైడ్ అనే మందు తాగి వంద మందికి పైగా సచ్చిపోయిన్రు. అందుల కలిపింది గీ డైఈథిలిన్ గ్లైకాలే. అవును, ఛింద్వారాల తేలిన విషమే, 88 ఏండ్ల కింద. ఆ మందు ఎందుకు సంపుతున్నదో తేల్చిన షికాగో యూనివర్సిటీ ల్యాబుల ఒక పీజీ అమ్మాయి పని చేసింది. పేరు ఫ్రాన్సెస్ కెల్సీ. ఫార్మకాలజీల డాక్టరేట్ తీసుకొని, అటెన్క మెడిసిన్ గూడ చదివింది.

1960ల ఆమె అమెరికా మందుల రెగ్యులేటర్ ఎఫ్‌డీఏల మెడికల్ ఆఫీసర్‌గ చేరింది. మొదటి మొదటి ఫైళ్లల్లనే థాలిడోమైడ్ వచ్చింది. నిద్రకు, కడుపుతోని ఉన్న ఆడోళ్ల వికారానికి యూరప్‌ల జోరుగ అమ్ముతున్న గోలి. కంపెనీకి ఇది లాంఛనమే. కెల్సీ మాత్రం మీరిచ్చిన ఆధారాలు సాలవని ఫైలు ఎనుకకు పంపింది. మళ్లా వచ్చింది, మళ్లా పంపింది. ఫోన్లు చేసిన్రు, ఆఫీసుకు తిరిగిన్రు, పైఆఫీసర్లకు చెప్పిన్రు. అంతల బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల ఈ గోలి ఏసుకున్నోళ్లకు చేతులు, కాళ్ల నరాలు దెబ్బతింటున్నయని ఒక డాక్టర్ రాసిన చిన్న లెటర్ ఆమె కంట్ల పడ్డది. పెద్దోళ్ల నరాలనే గిట్ల చేస్తే కడుపుల పిండాన్ని ఏం చేస్తదని అడిగింది. 1961 ఆఖరుకు జవాబు జర్మనీ నుంచి వచ్చింది. చేతులు, కాళ్లు సరిగ ఎదగకుండ లోకమంతట పది వేల మందికి పైగా పిల్లలు పుట్టిన్రు. అమెరికాల మాత్రం కంపెనీ డాక్టర్లకు పంచిన శాంపిళ్ల వల్ల కొద్ది మందికే ఆ గతి పట్టింది. 1962ల ప్రెసిడెంట్ కెనడీ ఆమెకు మెడల్ ఇచ్చిండు, అదే ఏడు చట్టం మారింది. మందు పని చేస్తదని కంపెనీయే రుజువు చేయాలె అనే రూలు అట్ల వచ్చిందే. కెల్సీ 2005 దాక ఎఫ్‌డీఏలనే కొలువు చేసింది.

ఆమెకు కంపెనీ లెక్క పెద్ద ల్యాబు లేదు. సర్కారు జీతం, డాక్టరు చదువు, 'వద్దు' అనే అధికారం ఉన్నయి. మన దగ్గర ఈ మూడు ఒక్క కుర్చీల కలిసి కనపడుడు కష్టం.

తెల్లకోటు ఒక్కటే సాలదు

అయితే డాక్టర్ కూసుంటే సాలు అన్నీ సక్కగైతయి అనుకునుడు గూడ అమాయకత్వమే. 59వ రిపోర్టులనే ఇంకో ముచ్చట ఉన్నది. కొన్ని మందుల మీద వేరే వేరే ఊర్ల పెద్ద పెద్ద దవాఖానల ప్రొఫెసర్లు రాసిన సిఫారసు లెటర్లు దాదాపు అక్షరం పొల్లు పోకుండ ఒకే తీరుగ ఉన్నయి. రాసింది కంపెనీ, సంతకం డాక్టరుది అనే అనుమానం ఎవరికైనా వస్తది. కంపెనీలు, కొందరు ఆఫీసర్లు, కొందరు డాక్టర్లు కుమ్మక్కైన్రని సంఘం నేరుగనే రాసింది.

అమెరికాల గూడ అందరు కెల్సీలు కాదు. ఆక్సీకాంటిన్ అనే నొప్పి గోలికి 1995ల పర్మిషన్ వచ్చినప్పుడు దాని ఫైలు చూసిన ఎఫ్‌డీఏ డాక్టర్ కర్టిస్ రైట్. ఎఫ్‌డీఏ ఇడిసిన కొద్ది ఏండ్లకే ఆ గోలి చేసిన పర్డ్యూ కంపెనీల కొలువుకు చేరిండు. ఆ గోలి అమెరికాల లక్షల మందిని మత్తుకు బానిసలను చేసిన కథల పెద్ద పాత్రధారి అయింది. స్కాట్ గాట్లీబ్ గూడ డాక్టరే, 2019ల ఎఫ్‌డీఏ పెద్ద పదవి ఇడిసిండు, అదే ఏడు ఫైజర్ బోర్డుల చేరిండు. రూల్స్ ప్రకారం తప్పేం లేదు. బీఎంజేల 2016ల ఒక అధ్యయనం వచ్చింది. క్యాన్సర్, రక్త రోగాల మందులు చూసే ఎఫ్‌డీఏ రివ్యూయర్లల్ల కొలువు ఇడిసినోళ్లు 26 మంది ఉంటే అండ్ల 15 మంది మందుల కంపెనీలకే పనిచేసిన్రు.

కంపెనీల పని చేసి వచ్చినోనికి లోపటి కిటుకులు ఎరుకే, అది రెగ్యులేటర్‌కు బలమే అని కొందరు అంటరు. ఆ మాటల నిజం ఉన్నది. కానీ ఇయ్యాల ఫైలు మీద సంతకం పెట్టేటోనికి రేపటి కొలువు అదే కంపెనీల కనపడుతుంటే పెన్ను జర మెత్తగ కదులుతది. మనిషి చెడ్డోడు కానక్కరలేదు, ఆశ సాలు. మన దగ్గర కేంద్ర సర్వీసుల గ్రూప్-ఏ ఆఫీసర్లు రిటైర్ అయిన ఏడాది లోపట ప్రైవేట్ కొలువు పట్టాలంటే సర్కారు పర్మిషన్ తీసుకోవాలె. ఒక మందు ట్రయల్ నుంచి బజారు దాక రావాలంటే ఏండ్లు పడ్తయి. ఏడాది అడ్డుకట్ట ఏ మూలకు?

మన నేల మీద ఏం జరిగింది

ఇవన్నీ ఎక్కడో అమెరికా, ఢిల్లీ ముచ్చట్లు అనుకోవద్దు. 2009ల పాథ్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు కలిసి ఖమ్మం జిల్లాల 10 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిన్రు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. చానామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లల్ల ఉండి చదువుకునేటోళ్లు. కొందరు పిల్లలు సచ్చిపోయినంక 2010ల ప్రాజెక్టు ఆపేసిన్రు. ఆ సావులు టీకా వల్ల కాదని విచారణ తేల్చింది. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే మంచి టీకా అది, దాని మీద భయం పెట్టుకోవద్దు. తప్పు జరిగింది అడిగే కాడ, సూసుకునే కాడ. విచారణ కమిటీ చూసిన 9,543 ఒప్పంద పత్రాలల్ల 2,763 మీద సంతకం పెట్టింది అమ్మానాయినలు కాదు, హాస్టల్ వార్డెన్లు. ఇంకో 1,948 మీద వేలిముద్రలు. టీకా పడ్డంక పిల్లలకు ఏమైనా అయితే కనిపెట్టే ఏర్పాటు సక్కగ లేదని 2013ల పార్లమెంటు సంఘం తప్పు పట్టింది.

జనం తరఫున మందు భద్రత చూసే డాక్టర్ ఒక్కరన్న ఆ జిల్లాల కూసోని ఉంటే, 'ఈ కాయిదం మీద తల్లి సంతకం ఏది?' అని అడిగేటోళ్లు ఉండేటోళ్లు. 2011ల గుంటూరు జిల్లా పిడుగురాళ్ల పేద ఆడోళ్లు, 2017ల జమ్మికుంట దిక్కు పోరగాళ్లు పైసల కోసం మందుల ట్రయల్స్‌కు పోయిన్రని పేపర్లల్ల వచ్చినప్పుడు గూడ గదే ఖాళీ కనపడ్డది. ట్రయల్ చేసే డాక్టరుకు జీతం కంపెనీ దిక్కు నుంచి. గోలి మింగే మనిషి తరఫున డాక్టర్ ఎవరు?

ఏం అడగాలె?

ముందుగాల, ప్రతి జిల్లా మెడికల్ కాలేజీల ఫార్మకాలజీ డిపార్ట్‌మెంటును పాఠం చెప్పుడుకే పరిమితం చేయొద్దు. కేంద్రం 2010ల మొదలుపెట్టిన ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం ఉన్నది. మందు వల్ల కీడు జరిగితే కాలేజీల సెంటర్‌కు రిపోర్టు చేయొచ్చు. డాక్టరే కాదు, పేషెంటు గూడ చేయొచ్చు. టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024, ఫోన్ల సేవ్ చేసి పెట్టుకోండ్రి. కానీ పాఠాలు చెప్పుకుంట, పరీక్షలు పెట్టుకుంట మిగిలిన టైముల చేసే పని లెక్క నడిస్తే లాభం లేదు. జిల్లాకో ఫుల్ టైం మందు భద్రత డాక్టర్ పోస్టు కావాలె. పీహెచ్‌సీలు, పిల్లల దవాఖానలు, ఆర్‌ఎంపీల కాడికి పోయి ఈ నెల ఏ మందుతోని ఏం అయిందని అడిగే మనిషి.

రెండోది, సీడీఎస్‌సీవోల, రాష్ట్ర శాఖలల్ల డాక్టర్లకు సపరేట్ కేడర్, దానికి తగ్గ జీతం, ప్రమోషన్ ఉండాలె. ఇప్పుడు కొత్త మందుల మీద సలహా ఇచ్చే నిపుణుల కమిటీలల్ల పెద్ద దవాఖానల డాక్టర్లు ఉన్నరు, కానీ వాళ్లు సొంత డ్యూటీ నడుమ వచ్చి పోయేటోళ్లు. ఫైలును నెలల తరబడి కూసోని చదివే డాక్టర్ వేరే ఉండాలె.

మూడోది, సంతకం పెట్టిన కంపెనీల కనీసం మూడేండ్లు కొలువు, కన్సల్టెన్సీ పట్టొద్దని రూలు. కంపెనీ నుంచి సర్కారుకు వచ్చేటోళ్లు పాత కంపెనీ ఫైళ్లు ముట్టొద్దు. ఎవరికి ఏ కంపెనీతోని సంబంధం ఉన్నదో ఆ లెక్క వెబ్‌సైట్ల అందరికి కనపడాలె.

ఇగ మెడిసిన్ చదివే తమ్ముండ్లకు, చెల్లెండ్లకు ఒక మాట. ఫార్మకాలజీ సీటు వస్తే ఏడ్వకుండ్రి. కంపెనీకి పోతే పొండ్రి, భద్రత రిపోర్టు మీద సంతకం పెట్టేటప్పుడు ఆ గోలి ఏదో ఒకరోజు మీ అవ్వ మింగుతదని యాదికి పెట్టుకోండ్రి. సర్కారుల ఆ కుర్చీలు ఎందుకు లేవని మీ ఎమ్మెల్యేను, ఎంపీని అడుగుండ్రి. నోటిఫికేషన్ ఎప్పుడని అడుగుడు మనకు అలవాటే. ఈసారి ఈ పోస్టులకు గూడ నోటిఫికేషన్ ఎప్పుడని అడుగుదాం.